తీస్ మార్ ఖాన్ పాషా, మా చెలకల తోడేలు

మా ఊర్లో ఎవడన్నా లేనిపోని గొప్పలకు పోతే వీడో పెద్ద తీస్ మార్ ఖాన్ అని నవ్వుతరు. ముప్పై పులులను కొట్టినవాడని ఆ మాటకు అర్థం. అది ఒక నిజమైన మనిషిని చూసి పుట్టిన పేరని పెద్దలు చెప్తరు. ఆ మనిషి పేరే మా జిల్లాకు కూడా ఉన్నదని ఇంటర్మీడియెట్ దాకా నాకు తెలియదు. ఆయన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. పాలమూరు అనీ, రుక్మమ్మపేట అనీ పిలుచుకునే ఊరికి 1890 డిసెంబరు 4న ఆయన పేరు పెట్టి మహబూబ్‌నగర్ అన్నారు. ముసలివాళ్లు ఇప్పటికీ పాలమూరు అనే అంటరు, అది వేరే సంగతి.

నేను చరిత్ర విద్యార్థిని కాను. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం చదువుతున్నాను. పైగా వ్యవసాయం చేసుకునే ఇంటినుంచి వచ్చినవాణ్ణి. రాజుల కథలు రాయడానికి నాకేమి అధికారం ఉన్నదని మిత్రులు అడగవచ్చు. మక్తల్ అవతల మా చెలకలో ఒక రాత్రి తోడేలు పడి గొర్రెలను ఎత్తుకపోయింది. అప్పటినుంచి అడవి జంతువును ఎవరు చంపాలె, ఎన్ని చంపాలె, ఎవరు చెప్తే చంపాలె అన్న ప్రశ్న నన్ను వదలలేదు. ఆ ప్రశ్న పట్టుకొని వెతుక్కుంటూ పోతే ఈ పాషా దగ్గర తేలిన.

ఆయన 1866 ఆగస్టులో పుట్టినాడు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో కాలం చేయగానే, రెండున్నర ఏండ్లు దాటిన పసిపిల్లవాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టినారు. రాజ్యం నడిపింది మాత్రం మొదటి సాలార్‌జంగు, ఆయనతోపాటు షమ్సుల్ ఉమ్రా. పిల్లవానికి అరబ్బీ, ఫారసీ, ఉర్దూ చెప్పే మౌల్వీలతోపాటు ఇంగ్లీషు చెప్పడానికి క్లర్క్ అనే కెప్టెన్ దొరను కూడా పెట్టినారు. హైదరాబాదు గద్దె మీది నిజాం ఇంగ్లీషు పద్ధతి చదువు చదవడం అదే మొదలు. 1877లో ఢిల్లీ దర్బారుకు పోయినప్పుడు ఆయనకు పదేండ్లు. ఆ దినాలలోనే దక్కను అంతా ధాత కరువుతో అల్లాడుతున్నది. ఇక్కడ జనం ఆకులు అలములు తిన్నరు, అక్కడ విక్టోరియా రాణికి చక్రవర్తిని బిరుదు ప్రకటించినారు. పదేండ్ల పిల్లవానిది అందులో ఏ తప్పూ లేదనుకోండి.

సాలార్‌జంగు 1883 ఫిబ్రవరిలో కలరాతో పోయినాడు. మరుసటి ఏడు 1884 ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పన్ ప్రభువు హైదరాబాదుకు వచ్చి, పదిహేడేండ్లు దాటిన మహబూబ్ అలీ ఖాన్‌కు పూర్తి అధికారాలు అప్పగించినాడు. అప్పటినుంచి 1911లో చనిపోయేదాకా 27 ఏండ్లు ఆయన సొంతంగా ఏలినాడు.

ఆయన భోగం గురించి చెప్పుకోవాలంటే ఈ సంచిక అంతా చాలదు. వేసుకున్న బట్ట మళ్ళీ వేసుకోడని పేరు. పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువా ఇప్పటికీ ఉన్నది. అది బీరువా కాదు, ఇంటికి ఒక రెక్క. రెండంతస్తులు, పైకి పోవడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు కూడా ఉన్నది. జాకబ్ వజ్రం బేరం కోర్టు దాకా పోయిన సంగతి మీరు వినే ఉంటరు. కవిత్వం రాసేవాడు, దాగ్ దెహల్వీ అంతటి కవిని గురువుగా పెట్టుకున్నాడు. తాగుడూ ఉండేది. వీటన్నిటి మధ్య జనానికి ఆయన మీద ప్రేమ ఎట్లా నిలిచిందో నాకు వింతగానే ఉన్నది. పాము కరిస్తే మహబూబ్ పాషా పేరు చెప్పి ఆన పెడితే విషం దిగుతుందని నమ్మేవారు. మా అవ్వ చిన్నప్పుడు కూడా ఆ మాట విన్నదట. కరిచే పాముల్లో ఎక్కువ వాటికి విషమే లేదని, విషమున్న పాము కూడా ప్రతిసారీ విషం ఎక్కించదని మా జంతుశాస్త్రం పుస్తకం చెప్తుంది. అందుకే పాషా పేరు చాలామందిని బతికించి ఉంటుంది. అవ్వతో మాత్రం ఈ మాట అనలేదు.

ఇక వేట. గురి తప్పని చెయ్యి ఆయనది. గాల్లోకి ఎగరేసిన నాణేన్ని తుపాకితో కొట్టేవాడని చెప్తరు. ఎక్కడైనా పులి మనుషులను తింటున్నదని, పశువులను కొడుతున్నదని జనం మొర పెట్టుకుంటే తానే బయలుదేరి పోయేవాడని, సరదా కోసం పులిని కొట్టలేదని ఆయన్ను మెచ్చుకునేవారు రాస్తరు. ఈ మాటను నేను సగమే నమ్ముతున్నాను. పులి భయం అప్పట్లో నిజం. అడవి అంచు పల్లెలో పులి పడితే కట్టెకు పోయే ఆడవాళ్లు, పశువులు కాసే పిల్లలు ఇల్లు కదలలేరు. చేతిలో మంచి తుపాకి ఉన్నవాడు వచ్చి ఆ పీడ వదిలిస్తే అతన్ని దేవుడనే అంటరు. కానీ అదే రాజ్యానికి 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వచ్చి వేటాడిపోయినాడు. 1914లో సరజీవోలో ఆయన్ను చంపినందుకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన తన జీవితంలో 2 లక్షల 70 వేలకు పైగా జంతువులను, పక్షులను కొట్టినట్టు లెక్క ఉన్నది. 1902లో కర్జన్ ప్రభువు కూడా వచ్చి వరంగల్లు వైపు వేటాడినాడు. అదే ఏడు బేరారును శాశ్వతంగా కౌలుకు రాయించుకున్నాడు కూడా. రాజా దీన్ దయాళ్ తీసిన ఫొటోలలో ఇవన్నీ ఉన్నై. పడిన పులి, దాని వెనక టోపీలు పెట్టుకున్న దొరలు, ఇంకా వెనక ఎవరో పేరు తెలియని మన మనుషులు. మొర పెట్టుకున్న పల్లె ఏదీ ఆ ఫొటోలో కనిపించదు. అది దర్బారు మర్యాద.

ఆ వెనక నిలబడ్డవాళ్లను చూస్తే నాకు ఎక్కువ ఆలోచన వస్తుంది. పులి వేట అంటే ఒక్క తుపాకి పని కాదు. ముందు దున్న దూడను ఎరగా కట్టాలె. పులి దాన్ని కొట్టిందని కబురు అందగానే మంచె కట్టాలె. పొద్దెక్కినంక వందల మంది అడవికి మూడు దిక్కుల నిలబడి డప్పులు కొట్టుకుంటూ, అరుచుకుంటూ పులిని మంచె వైపు తోలాలె. దాన్నే హాకా అనేవారు. మంచె మీద ఉన్నవానికి తుపాకి ఉంటుంది, కింద నడిచేవానికి కట్టె ఉంటుంది. దొరలు, అధికారులు వచ్చినప్పుడు పల్లెలు వెట్టి చేయడం ఈ ప్రాంతంలో ఎంత దూరం పోయిందో నల్లగొండ వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. పుంటికూర నుంచి కోళ్ల దాకా, బండ్ల నుంచి మనుషుల దాకా అన్నీ ఊరే ఇవ్వాలె. ఈ వెట్టి మీద కోపమే 1940లలో ఆ జిల్లాలో తుపాకి పట్టించింది.

అయితే వేట కోసం రాజులు అడవిని కాపాడిన మాట కూడా ఒప్పుకోవాలె. షికార్‌గా అని హద్దులు పెట్టి, అందులో సామాన్యుడు తుపాకి పేల్చకుండా, చెట్టు కొట్టకుండా కావలి పెట్టినారు. రాజుకు పులి కావాలె, పులికి జింక కావాలె, జింకకు గడ్డి కావాలె. మొదటిది కావాలంటే మిగిలినవన్నీ ఉండాలె కదా. ఇప్పుడు హైదరాబాదు పక్కన జింకలున్న మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేట స్థలమే. మెదక్ వైపు పోచారం కూడా అంతే, 1952లో అభయారణ్యం అయింది. మా జిల్లాలో అమ్రాబాద్ గుట్టల మీద ఫరహాబాద్ నిజాముల వేట స్థలం. ఆ నల్లమల అడవిని 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంగా చేసినారు. 2014లో రాష్ట్రం విడిపోయినంక మన వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయి, నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్నది. అక్కడి చెంచులకు ఈ హద్దులవల్ల కలిగిన కష్టం వేరే కథ. ఇంకొకరు రాయాలె.

ఇంతకూ తోడేలు ఎక్కడ? తోడేలు ఆ హద్దుల లోపల లేదు. అసలు సంగతి ఇదే. అది పెద్ద అడవి జంతువు కాదు. తుమ్మ పొదలు, రాళ్ల గుట్టలు, బీళ్లు, బంచరాయి భూములు దాని ఇల్లు. పాలమూరు పడమట దిక్కంతా అటువంటి నేలే. పులి రాజు మృగమైతే తోడేలు కురుమ గొల్లల పగ. దాన్ని కొడితే ఫొటో తీసేవాడు లేడు. బ్రిటిషు ఇండియాలో మాత్రం దాని తలకు బహుమానం కట్టినారు. 1875 నుంచి 1925 దాకా యాభై ఏండ్లలో బహుమానాల కోసం 80 వేలకు పైగా పులులను, లక్షన్నరకు పైగా చిరుతలను, 2 లక్షల తోడేళ్లను చంపినట్టు చరిత్రకారులు లెక్క తీసినారు. పాషా కొట్టిన ముప్పై ఈ లెక్క ముందు ఏపాటిది. అయినా ముప్పై జ్ఞాపకం ఉన్నై, రెండు లక్షలు జ్ఞాపకం లేవు.

మా వైపు బహుమానం కూడా అక్కరలేదు. చలికాలంలో తోడేలు గుట్ట పక్కన బొరియలో పిల్లలు పెడుతుంది. నాలుగైదు పిల్లలు ఉంటై. కాపరులు బొరియ కనిపెట్టి మూతికి కంప పెట్టి పొగ వేసేవారు. లేదంటే చచ్చిన గొర్రెలో మందు కలిపి పెట్టేవారు. ఇది ఒకరిని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. పది గొర్రెలున్నవానికి రెండు పోతే బిడ్డ పెండ్లి ఆగిపోతుంది.

మా చెలకలో జరిగిందీ చెప్తాను. ఎండాకాలం ముందు మా నాయిన ఎరువు కోసం కురుమ తాత మందను చెలకలో పెట్టించుకుంటాడు. రాత్రంతా గొర్రెలు అక్కడ పడుకుంటే ఆ పెంట, ఆ మూత్రం భూమికి బలం. తాతకు జొన్నలో, పైసలో ఇస్తాం. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు అట్లా మంద పెట్టిన రాత్రి కుక్కలు ఒక దిక్కు మొరుగుతుంటే తోడేళ్లు ఇంకో దిక్కునుంచి వచ్చినై. తెల్లవారి చూస్తే ఒక గొర్రె గొంతు తెగి పడి ఉన్నది, రెండు పిల్లలు లేవు. తాత గొంగడి కప్పుకొని గట్టు మీద కూర్చున్నాడు, ఒక్క మాట అనలేదు. అడవి జంతువు పశువును చంపితే సర్కారు పరిహారం ఇస్తుందని మా నాయిన చెప్పినాడు. దానికి కళేబరం చూపాలె, కాగితం రాయించాలె, పోవాలె, రావాలె. ఎత్తుకపోయిన పిల్లకు కళేబరం ఏది? తిరిగే ఖర్చులో ఇంకో గొర్రెపిల్ల వస్తుందని తాత పోనేలేదు. ఊర్లో పడుచువాళ్లు మాత్రం తోడేళ్లను వేటాడడానికి అనుమతి ఇస్తే పీడ పోతుంది కదా అన్నరు. తీస్ మార్ ఖాన్ కాలం మేలు, అప్పుడు మొర వినేవాడన్నా ఉండె అని ఒకరన్నరు.

ఆ మాట మీద నేను చాలా దినాలు ఆలోచించిన. వేటాడి సంఖ్య అదుపులో పెట్టడం అనేది శాస్త్రంలో లేని మాట కాదు. ఉత్తర అమెరికాలో తోడేళ్ల గుంపులు ఏటా నాలుగో వంతు చచ్చినా మళ్ళీ పుంజుకుంటాయని పరిశోధకులు చూపించినారు. కానీ అది ఎన్ని ఉన్నాయో లెక్క తెలిసినచోట మాట. ఒక గుంపులో సాధారణంగా ఒక్క జంటే పిల్లలను కంటుంది, పెద్దవే వేట నేర్పిస్తాయి. గుడ్డిగా కొడితే ఆ జంటే పడవచ్చు. మిగిలిన పడుచు తోడేళ్లు చెదిరిపోయి, జింకను పట్టడం చేతకాక గొర్రె మీదనే పడే అవకాశం ఉన్నది. ఇన్ని కొడితే ఇన్ని గొర్రెలు మిగులుతాయన్న లెక్క సూటిగా కుదరదని బయటి దేశాల పరిశోధనలలో తేలింది. ఒకచోట నష్టం తగ్గింది, ఇంకొకచోట పెరిగింది.

మరి మన లెక్క ఏమిటి? 2022లో దేశమంతా పులుల అంచనా 3,682. తోడేళ్లు దేశమంతా కలిపి 3 వేల చిల్లర ఉంటాయని దాదాపు అదే కాలంలో శాస్త్రవేత్తలు అంచనా వేసినారు. అంటే ఊరూరా తిట్టుకునే తోడేలు, ఎక్కడో అడవిలో ఉన్న పులి కంటే ఎక్కువేమీ లేదు. పులికి కెమెరాలు పెట్టి చారలు చూసి ఒక్కొక్కదాన్ని గుర్తు పడతరు. తోడేలును లెక్కించేవాళ్లు అరుదు. 1972 వన్యప్రాణి చట్టంలో పులితోపాటు తోడేలు కూడా మొదటి షెడ్యూలులోనే ఉన్నది, చంపితే మూడు నుంచి ఏడేండ్ల జైలు. కాగితం మీద రెండూ సమానం. నేల మీద పులికి రిజర్వు ఉన్నది, తోడేలుకు బంచరాయి ఉన్నది. ఆ బంచరాయి కూడా ప్లాట్లకు, సోలారు పలకలకు పోతున్నది.

ఇంకొక ముచ్చట. మా పక్క కృష్ణా, మాగనూరు మండలాలలో కృష్ణజింకలు మందలు మందలుగా పడి పత్తి మొలకలు, కంది మొలకలు మేసిపోతున్నై. మళ్ళీ మళ్ళీ విత్తనం పెట్టుకున్న రైతులున్నరు. అడవిపందుల సంగతి చెప్పనే అక్కరలేదు, వాటిని అనుమతి ఉన్న షూటర్లతో కొట్టించడానికి ప్రభుత్వమే ఒప్పుకున్నది. గుజరాతులోని వెలావదర్‌లో తోడేలుకు కృష్ణజింకే ముఖ్యమైన ఆహారం. మా దగ్గర జింక పెరగడానికి తోడేలు తగ్గడమే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను, వాన, పంట, చట్టం అన్నీ కలిసి ఉంటై. కానీ కాపరికి శత్రువైనది రైతుకు పాక్షికంగా చుట్టం కావచ్చు. మా ఇంట్లో నాయిన చెలక రైతు, మంద తాతది. ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చుంటరు.

మహబూబ్ పాషా చనిపోవడానికి రెండేండ్ల ముందు, 1909లో, అమెరికాలో అరిజోనా అడవిలో ఆల్డో లియోపోల్డ్ అనే పడుచు అటవీ ఉద్యోగి ఒక తల్లి తోడేలును కొట్టినాడు. తోడేళ్లు తగ్గితే జింకలు పెరుగుతాయి, వేటగాళ్లకు స్వర్గమే అని అప్పుడు అతని నమ్మకం. తరువాత జింకలు పెరిగి కొండలను బోడి చేయడం చూసి తన తప్పు తానే రాసుకున్నాడు. మన పాషాకు అట్లా రాసుకునే తీరిక దొరకలేదు. ఆయన్ను అడిగినవారు కూడా లేరు. మొర పెట్టుకునే జనం ఉన్నరు, తుపాకి ఉన్నది, మధ్యలో లెక్క లేదు. ఒక రాజుకు మనసు పుడితే పులి చస్తుంది, పుట్టకపోతే బతుకుతుంది. మంచి రాజైనా ఇది మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం. మిత్రులు కోపగించుకోవద్దు.

ఆయన మంచితనం నేను కాదనడం లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేల మంది కొట్టుకపోయినప్పుడు పురానీ హవేలీ తలుపులు తెరిపించి బాధితులకు అన్నం పెట్టించినాడు. నది శాంతించాలని బ్రాహ్మణులు చెప్పినట్టు మూసీకి పసుపు కుంకుమలతో పూజ చేసినాడని కూడా చెప్తరు. ఆ వరద తరువాతే విశ్వేశ్వరయ్యను పిలిపించి మూసీకి అడ్డంగా చెరువుల ఆలోచన చేసినారు, అవి కట్టేదాకా ఆయన లేడు. 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా మహల్‌లో కన్నుమూసినాడు. అప్పటికి నలభై ఐదేండ్లు. తాగుడు చంపిందనేవారు కొందరు, దిగులు చంపిందనేవారు కొందరు. చార్మినారు పక్కన మక్కా మసీదు ఆవరణలో పెద్దల వరుసలోనే ఆయన సమాధి. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కినాడు.

పోయిన సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ కథంతా కురుమ తాతకు చెప్పిన. తాత అన్నీ విని, ఆ పాషా ఎప్పుడన్నా మంద దగ్గర రాత్రి పండుకున్నడా అని అడిగిండు. తెలియదన్న. ఆ వారమే మంద మా చెలకకు వచ్చింది. ఈసారి చుట్టూ వల కట్టి, నాలుగు మూలల లాంతర్లు పెట్టి, ఇంకో కుక్కను తెచ్చినం. మూడో రాత్రి గుట్ట దిక్కు ఊళ వినబడ్డది, కుక్కలు తెల్లారేదాకా మొరిగినై. పొద్దున తాత, నేను గొర్రెలను రెండుసార్లు లెక్కపెట్టినం. అన్నీ ఉన్నై.